ప్రీ-64 వించెస్టర్ మోడల్ 70: డబ్బు చేతికి ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

మీరు రాసిన దాన్నిబట్టి విషయం ఇది. డాలస్ దగ్గర మీ వీధిలో ఉండే ఒక పెద్దావిడ, ఈ మధ్య కాలం చేసిన తన భర్త గారి వేట రైఫిల్‌ను అమ్మదలచుకున్నారు. అది వించెస్టర్ మోడల్ 70, కాలిబర్ (తూటా రకం, కొలత) .30-06, సీరియల్ నంబరు 25తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య. బట్ (భుజానికి ఆన్చే వెనక చెక్క భాగం) చివర ఎర్రటి రబ్బరు ప్యాడ్ ఉంది, పైన స్కోపు (గురి చూసే దుర్బిని) ఉంది. "1953 నాటిది, అంతా ఒరిజినల్" అని వారి అబ్బాయి చెబుతూ 1,600 డాలర్లు అడుగుతున్నారు. సేకరణ కోసం ఇది కొనదగినదేనా, ఆ ధర న్యాయమైనదేనా అన్నది మీ ప్రశ్న.

నేరుగా చెబుతాను. ఆ ధరకు, ఆ రబ్బరు ప్యాడ్‌తో, సేకరణ కోసమైతే కొనవద్దు. వేటకు, రేంజిలో కాల్చడానికి అయితే ఇది ఈనాటికీ చాలా మంచి రైఫిలే. లోపల గొట్టం శుభ్రంగా ఉంటే వెయ్యి డాలర్ల చుట్టుపక్కల నేను సంతోషంగా కొంటాను. ఏ మార్పూ లేని .30-06 దొరికితేనే 1,600 గురించి ఆలోచిస్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా పెన్సిల్వేనియా గన్ షోలలో (తుపాకుల సంతల్లో) తిరుగుతూ ఈ ఒక్క మోడల్‌నే ఎక్కువగా కొని, అమ్మి, కొన్నిసార్లు మోసపోయి నేర్చుకున్నాను కాబట్టి, ఈ అంకెలను నేను చూసిన టేబుళ్ల లెక్కగానే తీసుకోండి. మీ ప్రాంతంలో కొంత తేడా ఉండవచ్చు.

ముందుగా, ఈ రైఫిల్‌కు ఇంత పేరు ఎందుకు వచ్చిందో తెలిస్తే ఏ భాగాన్ని శ్రద్ధగా చూడాలో మీకే అర్థమవుతుంది. వించెస్టర్ వారు 1925లో తెచ్చిన మోడల్ 54ను మెరుగుపరచి, 1936 ప్రాంతంలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ ఫ్యాక్టరీలో మోడల్ 70ను మొదలుపెట్టారు. దీని బోల్టు (తూటాను ముందుకు తోసి మూసే కదిలే ఇనుప భాగం) పక్కన, తూటాను పట్టి లాగే పొడవైన గోరులాంటి ఎక్స్‌ట్రాక్టర్ ఉంటుంది. జర్మన్ మౌజర్ 98 నుంచి వచ్చిన ఆలోచన అది. తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేచిన క్షణం నుంచే దాని అంచు ఈ గోరు కిందికి జారి, చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి) వెళ్లేదాకా బోల్టు పట్టులోనే ఉంటుంది. కంగారులో బోల్టును సగం తోసి వెనక్కి లాగినా తూటా లోపల ఉండిపోకుండా దానితోపాటే బయటికి వస్తుంది. ప్రమాదకరమైన జంతువులను వేటాడేవారు దీన్ని నమ్మింది ఇందుకే. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఈ గోరును తీసివేసింది, చెక్క మీద చేత్తో చెక్కే గళ్ల నగిషీకి (చెకరింగ్‌కు) బదులు అచ్చుతో ఒత్తిన గీతలు పెట్టింది. కొనేవారు దాన్ని క్షమించలేదు. అప్పటినుంచే "ప్రీ-64" అనే మాట పుట్టి, అంతకు ముందువి విడి జాతిగా నిలిచాయి. 1990ల మొదట్లో కంపెనీ మళ్లీ ఆ గోరునే తెచ్చి పెట్టింది, అయినా సేకరించేవారు వెతికేది పాతవాటినే.

ప్రీ-64 సీరియల్ నంబర్లు సుమారు 5,81,000 దాకా వెళ్లాయి, 1964 నాటి కొత్త రకం 7,00,000 నుంచి మొదలైంది. మీరు చెప్పిన 25తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య 1953 వరుసలోకే వస్తుంది కాబట్టి ఆ అబ్బాయి చెప్పిన సంవత్సరం సరైనదే. "అంతా ఒరిజినల్" అన్న మాటను మాత్రం సీరియల్ నంబరు రుజువు చేయదు. ఆ నంబరు రిసీవర్‌ది, అంటే నడిమి ఇనుప భాగానిది. దానికి బిగించిన గొట్టం, బోల్టు, చెక్క తర్వాత ఎప్పుడైనా మారి ఉండవచ్చు. పందొమ్మిదో శతాబ్దపు వించెస్టర్లకు వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని మ్యూజియంలో ఫ్యాక్టరీ చిట్టాలు ఉన్నాయి, అక్కడ అడిగితే ఆ తుపాకీ ఏ రూపంలో బయటికి వెళ్లిందో కాగితం ఇస్తారు. మోడల్ 70కి ఆ ఆధారం లేదు. అందువల్ల రైఫిల్‌లోని భాగాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి; మాటలు, మెరుపు సాక్ష్యం కావు.

ఇక చూసే పద్ధతి. చేతిలోకి తీసుకోగానే గొట్టాన్ని ఎవరి వైపూ పెట్టకుండా బోల్టు తెరిచి, చాంబర్‌లో, మ్యాగజైన్‌లో తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోండి. అమ్మేవారు "ఖాళీయే" అన్నా ఈ పని మాత్రం మానవద్దు. చనిపోయినవారి గదిలోంచి తీసిన తుపాకుల్లో తూటా ఉండిపోవడం నేను రెండుసార్లు చూశాను.

తర్వాత రిసీవర్ ఎడమ పక్క వెనక ఉన్న బోల్ట్ స్టాప్ మీటను నొక్కి ఉంచి బోల్టును పూర్తిగా బయటికి తీయండి. దాని అడుగు భాగంలో, వెలుతురుకు కొద్దిగా వంచితే, చేత్తో రాసినట్టు వంకరటింకరగా ఉన్న అంకెలు కనబడతాయి. ఫ్యాక్టరీలో విద్యుత్ పెన్సిల్‌తో గీసిన సీరియల్ నంబరు అది. రిసీవర్ కుడి పక్కన ఉన్న నంబరుతో ఇది అక్షరాలా సరిపోవాలి. అచ్చుతో కొట్టినట్టు తీరుగా ఉన్న అంకెలు కనిపిస్తే తర్వాత ఎవరో వేసినవేమోనని అనుమానించాలి. నంబర్లు సరిపోకపోతే విలువ తగ్గడం ఒక ఎత్తు, కాల్చేవారి భద్రత మరొక ఎత్తు, ఎందుకంటే బోల్టుకూ చాంబర్‌కూ మధ్య ఉండవలసిన కొలత ఆ జతకే సరిచూసినది. అలాంటి రైఫిల్‌ను గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) గో, నో-గో అనే కొలత గేజులతో ఆ కొలతను, అంటే హెడ్‌స్పేస్‌ను చూసేదాకా కాల్చకూడదు.

ఈ సందర్భంలో నాకు ఎదురైన ఒకటి చెప్పాలి. ఒక చిన్న ఊరి షోలో ఒక పెద్దాయన దగ్గర .270 చూశాను. చెక్క, ఇనుము చెక్కుచెదరలేదు, కానీ బోల్టు నంబరు వేరు. ఆయన నిజాయితీగా ఆశ్చర్యపోయి, ఇంట్లో తన అన్నగారి దగ్గర అదే ఏడు కొన్న అదే రకం రైఫిల్ ఉందని గుర్తుచేసుకున్నారు. మర్నాడు ఇద్దరూ వచ్చారు. వేట సీజన్ చివర ఒకే బల్ల మీద రెండింటినీ శుభ్రం చేస్తూ ఎప్పుడో బోల్టులు మార్చుకున్నారని అక్కడే తేలింది, ఆ బల్ల దగ్గరే తిరిగి మార్చుకున్నారు. కాబట్టి నంబరు కలవకపోతే వెంటనే దొంగతనమనో మోసమనో అనుకోకండి. ఇంట్లో అలాంటిది మరొకటి ఉందా అని మర్యాదగా అడగండి.

ఇప్పుడు మీ ఎర్ర ప్యాడ్ దగ్గరికి వస్తాను. 1953 నాటి మామూలు .30-06కి ఫ్యాక్టరీ నుంచి వచ్చేది గళ్లు చెక్కిన ఇనుప బట్ ప్లేటు. రబ్బరు ప్యాడ్ .375 హెచ్ అండ్ హెచ్ లాంటి పెద్ద కాలిబర్లకు సహజం, .30-06కి కాదు. ప్యాడ్ బిగించాలంటే సాధారణంగా చెక్కను అంగుళం దాకా కోస్తారు, కోసిన చెక్క తిరిగి రాదు. ట్రిగ్గర్ మధ్య నుంచి బట్ చివరి దాకా టేపుతో కొలవండి. అసలు కొలత సుమారు 13½ అంగుళాలు. ప్యాడ్‌తో కలిపి అంతే ఉంటే చెక్క కోసినట్టే. ప్యాడ్ కాకుండా చెక్కే 13 అంగుళాలు దాటి ఉంటే, చెక్క కోయకుండా పైనే అమర్చి ఉండవచ్చని కొంత ఆశ పెట్టుకోవచ్చు, అప్పుడు పాత ఇనుప ప్లేటు వారి గ్యారేజీలో ఏ డబ్బాలోనైనా ఉందేమో అడగండి. "ఫ్యాక్టరీలోనే ప్రత్యేకంగా ఆర్డరు ఇచ్చి వేయించారు" అని ఎవరైనా అంటే, ఆనాటి రసీదు చూపితే తప్ప నేను ఆ మాటకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వను.

స్కోపు విషయం కొంచెం సున్నితం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన మోడల్ 70లలో రిసీవర్ వెనక వంతెనపై (బోల్టు మీదుగా వెళ్లే వెనక ఇనుప పట్టీపై) స్కోపు రంధ్రాలు ఉండేవి కావు. అలాంటివాటిలో అక్కడ రంధ్రాలు కనిపిస్తే అవి తర్వాత ఎవరో వేయించినవే, విలువ బాగా పడిపోతుంది. యుద్ధానంతరం 1940ల చివరి నుంచి ఫ్యాక్టరీయే వేసి పంపింది కాబట్టి మీ 1953 రైఫిల్‌కు పైన ఉన్న రంధ్రాలు దోషం కావు. ఎడమ పక్కన ఉన్న రెండు రంధ్రాలు కూడా రిసీవర్ సైట్ (రిసీవర్‌కు బిగించే గురి పరికరం) కోసం ఫ్యాక్టరీ వేసినవే, వాటిని చూసి కొత్తవారు భయపడుతుంటారు. ఇవి కాకుండా మరేవైనా రంధ్రాలు, గొట్టం మీద అదనపు రంధ్రాలు, పూడ్చి నునుపు చేసిన గుర్తులు ఉంటే మాత్రం ధర తగ్గించవలసిందే. స్కోపు బిగించి ఉండగా ఇవేవీ కనబడవు. తీసి చూపించమని అడగడం తప్పు కాదు.

గొట్టం విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. అమ్మేవారు ఒప్పుకుంటే, వారి ఎదుటే, సరైన వెడల్పున్న స్క్రూడ్రైవర్‌తో కింది మరలు, ముందు చెక్కలోని మర తీసి ఇనుమును చెక్కలోంచి లేపండి. గొట్టం అడుగున, రిసీవర్‌కు కాస్త ముందు, కాలిబర్ ముద్రతో పాటు రెండంకెల సంవత్సరం ఉంటుంది. మీ రైఫిల్‌కు అక్కడ 53 గానీ 52 గానీ ఉంటే నిశ్చింత. గొట్టాలు ముందుగా చేసి నిల్వ ఉంచేవారు కాబట్టి ఒక ఏడు వెనకది ఉండటం సహజమే. 61 అని ఉంటే గొట్టం తర్వాత మార్చారన్నమాట. అడుగున అసలు ముద్రలే లేకపోతే అది వించెస్టర్ గొట్టమే కాకపోవచ్చు. గొట్టం మీదా రిసీవర్ మీదా అండాకారంలో ఉండే కంపెనీ ప్రూఫ్ ముద్ర (పరీక్షలో నెగ్గిందని కొట్టే గుర్తు) రెండుచోట్లా ఉందో లేదో కూడా చూడండి. చెక్క లోపలి వైపు, వెనక టాంగ్ (రిసీవర్ వెనక తోకలాంటి భాగం) దగ్గర నెర్రె ఉందేమో గోటితో తడమండి. దశాబ్దాలు నూనె పీల్చిన చెక్క అక్కడే చీలుతుంది, పైనుంచి చూస్తే అది జుట్టుపోగంత కూడా కనబడదు.

గొట్టం లోపల చూడటంలో .30-06కి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. అది అమెరికా సైన్యం వాడిన కాలిబర్. 1950ల తొలినాళ్ల దాకా సైన్యపు తూటాల్లో చాలావాటి ప్రైమర్లలో (మందును అంటించే చిన్న టోపీల్లో) ఒక క్లోరేట్ లవణం ఉండేది. కాల్చిన తర్వాత గొట్టంలో మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఒక్క రాత్రిలోనే తుప్పు తెస్తుంది, మామూలు నూనెతో తుడిస్తే అది పోదు, నీటితో కడగాలి. చవగ్గా దొరికిన సైన్యపు తూటాలను వేటగాళ్లు విరివిగా కాల్చారు. అందుకే పైకి ఎంత చక్కగా ఉన్నా లోపల మంచు పట్టిన అద్దంలా గుంటలు పడిన .30-06 గొట్టాలు, అదే వయసు .270లలో కంటే ఎక్కువగా నాకు ఎదురయ్యాయి. ఒక బోర్ లైటు (గొట్టం లోపల చూసే చిన్న దీపం) తీసుకెళ్లండి. లోపల నల్లగా కనిపించినంత మాత్రాన చెడిపోయిందనుకోకండి, రాగి పూత పేరుకుని కూడా అలా కనిపిస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రావకంతో తుడిచిన గుడ్డ నీలంగా వస్తే అది రాగి. అది పోయాక రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాడుల) అంచులు పదునుగా కనబడాలి. గొట్టం మూతి దగ్గర కూడా చూడండి. కొందరు శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి దూర్చి అంచును ఒక పక్క అరగదీస్తారు, దానితో గురి పోతుంది.

పెద్ద కాలిబర్లు చూడబోయే రోజు వస్తే గుర్తుంచుకోవలసిన మరొకటి: చాంబర్ మార్చిన రైఫిళ్లు. .300 హెచ్ అండ్ హెచ్ చాంబర్‌ను తొలిచి .300 వెదర్‌బీగా మార్చడం ఒకప్పుడు అమెరికాలో మామూలు. గొట్టం మీద పాత పేరు అలాగే ఉండిపోతుంది. నేను మొదటి ఏళ్లలో అలాంటిది ఒకటి పూర్తి ధర ఇచ్చి కొన్నాను. ఇంటికొచ్చి కాల్చిన తూటా తొడుగు తీసి చూస్తే, దాని భుజం (తొడుగు సన్నబడే చోటు) ఉండవలసిన చోటు కంటే ముందుకు ఉబ్బి, గుండ్రంగా మెలి తిరిగి కనిపించింది, అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ తర్వాత నుంచి అనుమానం వచ్చిన ప్రతి చాంబర్‌నూ సెర్రోసేఫ్ అనే లోహంతో పోత పోసి చూస్తున్నాను. అది నీరు మరిగే వేడి కంటే తక్కువలోనే కరుగుతుంది. పోశాక మొదట కాస్త కుంచించుకుంటుంది, అప్పుడే దాన్ని బయటికి జార్చేయాలి, తర్వాత మెల్లగా పెరుగుతూ దాదాపు గంటకు చాంబర్ అసలు కొలతకు చేరుతుంది. ఆ సమయంలో కొలిస్తే ఏ కాలిబరో ఖాయంగా తేలుతుంది. ఈ పని గన్‌స్మిత్ చేత చేయించండి.

బ్లూయింగ్ (ఇనుముకు వేసే నీలినలుపు పూత) గురించి ఒక మాట. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెకు కళాయి వేయిస్తే అది మళ్లీ వంటకు పనికొస్తుంది, విలువ పెరుగుతుంది. పాత రైఫిల్‌కు కొత్త బ్లూయింగ్ వేయిస్తే సరిగ్గా దానికి వ్యతిరేకం జరుగుతుంది. పూతకు ముందు ఇనుమును చక్రం మీద రుద్దుతారు, ఆ రుద్దుడులో గొట్టం మీది అక్షరాల అంచులు కరిగిపోతాయి, మర రంధ్రాల చుట్టూ చిన్న సాసర్‌లా పల్లం పడుతుంది, రిసీవర్ పదునైన మూలలు గుండ్రబడతాయి. వేలితో నెమ్మదిగా రాసి చూస్తే అక్షరాల అంచు గోటికి తగలాలి. చెక్కకూ ఇదే పరీక్ష: ఫ్యాక్టరీ చెక్క ఇనుము అంచు కంటే కాగితం మందంలో పైకి ఉంటుంది, సాండ్‌పేపరుతో రుద్ది మళ్లీ వార్నిష్ వేసిన చెక్క ఇనుము కంటే కిందికి దిగిపోతుంది. నలభై సీజన్లు భుజాన మోసి, తొడుగు రాపిడికి మూతి దగ్గర వెండిలా తెల్లబడిన రైఫిల్‌ను నేను గౌరవంగా కొంటాను. కొత్తదానిలా మెరిసేలా చేసినదాన్ని పక్కన పెడతాను. అరుగుదల తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు. ఒక .257 రాబర్ట్స్ విషయంలో నేను దీన్ని ఖరీదు చెల్లించి నేర్చుకున్నాను. అరుదైన కాలిబర్ కదా అని మెరుపు చూసి కొన్నాను, మూడేళ్ల తర్వాత సగం ధరకు కూడా ఎవరూ ముట్టుకోలేదు.

అరుదు అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మొత్తం ప్రీ-64లలో సగానికి పైగా .30-06, .270 కాలిబర్లే. అందుకే మీ రైఫిల్‌లో చిన్న మార్పు కూడా ధరను గట్టిగా తగ్గిస్తుంది. మార్పు లేనిది వచ్చే నెల మరొక టేబుల్ మీద దొరుకుతుంది. .250-3000, 7 మిల్లీమీటర్ మౌజర్, .35 రెమింగ్టన్ లాంటివాటి సంగతి వేరు, వాటికి చిన్న లోపాలను మన్నిస్తారు. ఆ ఆశతోనే మామూలు రైఫిల్‌ను అరుదైనదిగా తయారుచేసేవారూ ఉన్నారు, సూపర్ గ్రేడ్ (ఖరీదైన రకం) అని చెక్కిన కింది ప్లేటును విడిగా కొని తగిలించేవారూ ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టే మీరు మొదటి రెండు మూడు రైఫిళ్ల దాకా మామూలు కాలిబర్లలోనే ఉండండి. పదుల సంఖ్యలో అసలువి చేత్తో పట్టుకున్నాక నకిలీ దానంతట అదే తెలుస్తుంది.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు, కానీ మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. గ్రీన్ కార్డు ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం కొనడానికి వీలుంది. హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నేరం. ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం దీనికి ఉన్న మినహాయింపుల్లో ప్రధానమైనది. స్నేహితుడి తుపాకీని ఇంట్లో దాచిపెట్టడం కూడా ఈ పరిధిలోకే వస్తుంది. ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరి మధ్య అమ్మకానికి టెక్సాస్‌లో డీలర్ అవసరం లేకపోయినా, చట్టం ప్రకారం కొనే వీలుంటే, ఏ వీసా మీద ఉన్నా లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే ఫారం 4473 (తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ ఫారం) నింపి, తనిఖీ జరిగాక తీసుకోమని నా సలహా. కొద్దిపాటి రుసుముతో ఆ పెద్దావిడకూ, మీకూ కాగితం ఉంటుంది. దీన్ని ఇండియాకు పట్టుకెళ్లే ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే వదిలేయండి. అక్కడి ఆయుధ చట్టం వేరు, వేట 1972 వన్యప్రాణి చట్టం కింద దాదాపు పూర్తిగా నిషిద్ధం.

ఆ పెద్దావిడతో మాట్లాడేటప్పుడు లోపాలను ఆమె అబ్బాయికి చూపించి, ఎందుకు తగ్గిస్తున్నారో వివరించండి. అలాగే బోల్టు నంబరు సరిపోయి, గొట్టం లోపల అద్దంలా ఉండి, చెక్క కోయలేదని తేలితే, ఆ మంచి విషయాలనూ దాచకుండా చెప్పండి. భర్త వస్తువును అమ్ముకునేవారితో బేరం ఆడేటప్పుడు రెండు వైపులా నిజం చెప్పడం కొనేవాడి బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

కొన్నాక తోలు సంచిలో, కాన్వాస్ సంచిలో భద్రపరచకండి, అవి తేమను పట్టి ఉంచుతాయి. సన్నగా నూనె రాసి, మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగులు నూనె చెక్కలోకి దిగదు. బోల్టు అడుగు నంబరు, గొట్టం అడుగు ముద్రలు, ప్యాడ్‌కూ చెక్కకూ మధ్య అతుకు, రిసీవర్ ఎడమ పక్క, ఈ నాలుగింటి ఫొటోలు పగటి వెలుతురులో తీసి పెట్టండి. సీరియల్ చివరి మూడంకెలను మాత్రం కప్పి పెట్టండి. చూసి, ఎంత దాకా వెళ్లవచ్చో అంకెతో సహా చెబుతాను.